గ్రాసము వేఱు, భాగము వేఱు

మనుస్మృతిలో తొమ్మిదవ అధ్యాయము చదివినవారు రెండు శ్లోకములను మఱచిపోజాలరు. మొదటిదానిలో పుట్టుగ్రుడ్డికిని, చెవిటికిని, మూగకును, ఇంద్రియలోపము గల మఱికొందఱికిని పిత్రార్జితమున భాగము లేదని చెప్పబడినది. తరువాతి శ్లోకము కొంత దయ చూపినది. అట్లు భాగము పోయినవారికి బ్రతికినంతకాలము గ్రాసాచ్ఛాదనములు, అనగా తిండియు బట్టయు, శక్తికొలది పెట్టవలెను, పెట్టనివాడు పతితుడగును. నేను చిన్ననాడు గురువుగారియొద్ద ఈ శ్లోకములు చదివినపుడు రెండవదానియందలి కరుణను చూచి మెచ్చుకొంటినే కాని, మొదటిదానిలో పోయినదేమో విచారింపలేదు. పోయినది భాగము. తిండి పెట్టువాని దయవలన దొరకును. భాగము ఎవరి దయయు లేకయే తనది.

ఈ విధి పుస్తకములలో మాత్రమే యుండిపోలేదు. ఆంగ్లేయుల యేలుబడిలోని న్యాయస్థానములలో సైతము జాత్యంధునికి వాటా లేదను వాదము చెల్లుచుండెను. 1928వ సంవత్సరపు పండ్రెండవ చట్టము మితాక్షర ననుసరించు కుటుంబములలో ఈ యడ్డంకిని తొలగించెను. అయినను పుట్టుకతోనే మతి చలించినవారిని, బుద్ధి వికసింపనివారిని ఆవలనే నిలిపెను. 1956లో హిందూ వారసత్వ చట్టము వచ్చి, రోగముచేత గాని అవయవలోపముచేత గాని యెవరును వారసత్వమునకు అనర్హులు కారని తేల్చి చెప్పినది. ఆస్తి విషయమున కథ ఇట్లు ముగిసినది. విద్య విషయమున మాత్రము మనము గ్రాసాచ్ఛాదనముల దశను ఇంకను పూర్తిగా దాటలేదు. కళాశాలలో చూపులేని విద్యార్థికో, నడవలేని విద్యార్థికో చేయు ప్రతి యేర్పాటును మనము దయ యనియే పిలుచుచున్నాము. ఆ పిలుపు ఎంత పొరపాటో చరిత్రవలన తెలియును.

వ్రాత ప్రధానము కాని కాలమున కంటిచూపు లేకుండుట విద్యకు అంత పెద్ద యడ్డు కాలేదు. వేదము నోటినుండి చెవికి వచ్చినది; వ్యాకరణసూత్రములు కంఠస్థములైనవి. మథురలో శాస్త్రము చెప్పిన విరజానంద సరస్వతి (1778–1868) పసితనముననే మశూచికమువలన చూపు కోల్పోయెను. 1860లో దయానందుడు వెదకికొని పోయి అష్టాధ్యాయి చదివినది ఆ యంధగురువు నొద్దనే. అట్టి పండితుని ప్రజ్ఞాచక్షువనిరి. ఆ మాటలో జాలి లేదు. అయితే అదే పద్ధతి చెవిటివానిని వాకిటనే నిలిపినదని మఱవరాదు. గ్రుడ్డివానికి తెఱచిన తలుపు చెవిటివానికి మూసికొన్నది. దీనినిబట్టి చూడగా, అడ్డు దేహమునందే కాక బోధనపద్ధతియందును ఉన్నదని తోచును. పద్ధతి మాఱినచో అడ్డును తావు మాఱును.

ఇంగ్లాండులో ఇట్టివాడే నికొలస్ సాండర్సన్. 1682లో పుట్టెను, ఏడాది నిండునంతలో మశూచికమువలన కన్నులు పోయినవి. 1707లో కేంబ్రిడ్జికి వచ్చెను, కాని విశ్వవిద్యాలయమున విద్యార్థిగా చేరలేదు. క్రైస్ట్స్ కళాశాలలో వసించుచు న్యూటను సిద్ధాంతములపై ఉపన్యాసము లిచ్చెను. చూపులేనివాడు వెలుతురు శాస్త్రమును బోధించుచుండగా వినుటకు జనము మూగిరి. 1711లో, న్యూటను ఒకప్పుడు కూర్చున్న గణితాచార్య పీఠమే ఆయనకు లభించెను. పట్టము లేనివానికి ఆ పదవి యిచ్చుటెట్లు? యాన్ రాణి యాజ్ఞాపత్రముతో పట్టము ముందు ఇప్పించి, తరువాత పీఠమున కూర్చుండబెట్టిరి. ఆయన రంధ్రములు గల పలకపై గుండుసూదులు గ్రుచ్చి, వ్రేళ్లతో తడవి లెక్కలు చేయుచుండెను. నిబంధనను సాండర్సనునకై వంచినవారు ఆయనపై దయతలచి వంచలేదు. అంతటి గణితవేత్తను విడిచినచో నష్టము తమకే యని యెఱిగి వంచిరి. ఇది మాత్రము ఒక్క మహామేధావి కథ. సామాన్యమైన తెలివి గల గ్రుడ్డిపిల్లవాని కొఱకు ఏ రాణి యాజ్ఞాపత్రము పంపును?

పందొమ్మిదవ శతాబ్దమున వ్రాతపరీక్ష విద్యకు గుమ్మమైనది. మన దేశమున 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు స్థాపితము లైనపుడు అవి ముఖ్యముగా పరీక్షలు పెట్టు సంస్థలు. అచ్చుకాగితమును కంటితో చదివి, గంట కొట్టులోపల చేతితో వ్రాయగలవాడే విద్యార్థి యను నిర్వచనము ఎవరును పలుకకయే స్థిరపడినది. విరజానందుడు ఆ శాలలో కూర్చున్నచో ఒక్క మార్కును రాకపోయి యుండును. అష్టాధ్యాయి ఆయనకు రాక కాదు, కాగితము ఆయనకు కనబడక.

పారిసు నగరమున అప్పటికే దీనికి విఱుగుడు పుట్టి యుండెను. లూయీ బ్రెయిలు (1809–1852) మూడేండ్ల వయసున తండ్రి కార్ఖానాలోని పదునైన పనిముట్టు తగిలి చూపు పోగొట్టుకొని, 1819లో అంధుల పాఠశాలలో చేరెను. చీకటిలో సైనికులు చదువుకొనుటకై బార్బియే యను ఉద్యోగి కనిపెట్టిన పండ్రెండు చుక్కల లిపిని ఆఱు చుక్కలకు తగ్గించి, పదునైదేండ్ల ప్రాయముననే తన లిపిని సిద్ధపఱచెను. 1829లో దానిని ప్రకటించెను. ఆ పాఠశాల వారు దానిని అధికారపూర్వకముగా అంగీకరించునది 1854లో, అప్పటికి బ్రెయిలు చనిపోయి రెండేండ్లు. చూపు గల యధ్యాపకులకు ఆ చుక్కలు కంటికి ఇంపుగా లేవు. ఉబ్బెత్తు అచ్చక్షరములే వారికి నచ్చెను. వ్రేలితో చదువువాని లిపికి కంటితో చదువువాడు మార్కులు వేయుట యనగా ఇదియే.

లిపి దొరికినంతమాత్రమున కళాశాల దొరకదు. ఈ సంగతి హెలెన్ కెల్లర్ చరిత్రలో తెలిసినట్లు మఱెక్కడను తెలియదు. ఆమె 1880లో అమెరికాలోని అలబామా రాష్ట్రమున పుట్టి, పందొమ్మిది నెలల వయసున జబ్బుచేసి చూపును వినికిడిని ఒక్కమాఱే కోల్పోయినదనియు, 1887లో ఆన్ సలివన్ అను ఉపాధ్యాయురాలు వచ్చి అరచేతిలో అక్షరములు వ్రేళ్లతో వ్రాసి భాష నేర్పినదనియు మన బడిపిల్లలకు గూడ తెలియును. నీటిపంపు వద్ద మాట తెలిసిన ఘట్టముతోనే పాఠ్యపుస్తకములు కథ ముగించును. ఆ తరువాతి కళాశాల కథ ఎవరును చెప్పరు. నాకు చూడగా అదియే ముఖ్యము.

హార్వర్డుకు అనుబంధమైన రాడ్క్లిఫ్ స్త్రీల కళాశాలలో చేరుటకు ప్రవేశపరీక్షలు రెండు విడతలు. 1897లో జూన్ 29 మొదలు జూలై 3 వఱకు జరిగిన మొదటి విడతలో ఏర్పాట్లు ఇట్లుండెను. టైపు యంత్రపు చప్పుడు తక్కిన బాలికలకు ఇబ్బంది కాకుండ ఆమెకు వేఱు గది. ఆమె చదివిన పాఠశాల అధిపతి గిల్మన్ గారు ప్రశ్నపత్రమును ఆమె చేతిలో వ్రేళ్లతో పలికించుట. ఎవరును రాకుండ వాకిట కావలి. ఆమె వ్రాసిన జవాబులను గిల్మన్ గారు తిరిగి చేతిలో చదివి వినిపించగా తప్పులు దిద్దించుకొనెను. ప్రతి విద్యార్థినికిని పేరునకు బదులు ఒక సంఖ్య, ఆమెది 233. యంత్రముతో వ్రాయునది ఆమె యొక్కతెయే గావున ఆ గోప్యము ఆమె విషయమున నిరర్థకమయ్యెను. అన్ని విషయములలోను నెగ్గి, జర్మనులోను ఇంగ్లీషులోను విశేషయోగ్యత పొందెను.

1899 జూన్ 29, 30 తేదీలలో రెండవ విడత. ఈ మాఱు సలివన్ గారు ప్రశ్నలు చదివి చెప్పరాదని అధికారులు నిషేధించిరి. మోసమునకు తావుండరాదని వారి తలంపు. అందుకు బదులుగా పెర్కిన్స్ అంధశాల అధ్యాపకుడు వైనింగ్ గారు ప్రశ్నపత్రములను అమెరికను బ్రెయిలులోనికి ఎత్తి వ్రాయుటకు నియమితుడయ్యెను. ఆయన ఆమెకు పరిచయము లేనివాడు. చుక్కలు వ్రాసి యిచ్చుట తప్ప ఆమెతో మాటలాడు దారి ఆయనకు లేదు. భాషల పరీక్షలు ఎట్లో జరిగినవి. బీజగణితమున పడినది చిక్కు. ఆ కాలమున ఇంగ్లీషు చదువు గ్రుడ్డివారికి ఇంగ్లండు పద్ధతి, అమెరికా పద్ధతి, న్యూయార్కు చుక్కలు అని మూడు లిపులు. మూడును ఆమెకు అక్షరములవఱకు వచ్చును. గణితపు గుర్తులు మాత్రము ఇంగ్లండు పద్ధతిలోవి తప్ప తక్కినవి ఆమె వాడి యెఱుగదు. పరీక్ష రెండు దినములున్నదనగా వైనింగ్ గారు పాత ప్రశ్నపత్ర మొకటి చుక్కలలో పంపిరి. విప్పి తడవి చూడగా గుర్తులు తెలియవు. వెంటనే జాబు వ్రాసి, గుర్తుల పట్టిక తెప్పించుకొని కంఠస్థము చేయ మొదలిడెను. పరీక్ష ముందటి రాత్రి సైతము ఆ కుండలీకరణముల గుర్తులను ఒకదానినుండి యొకటి వేఱుచేయలేక బాధపడెను. మఱునాడు పరీక్షలో ప్రతి గుర్తును మరల మరల తడవి, ఇది అదియే యని నిశ్చయించుకొని, అప్పుడు లెక్క చేయవలసి వచ్చెను.

ఇచ్చట ఆలోచింపవలసిన విషయ మొకటి యున్నది. అధికారులు చెడ్డవారు కారు. ప్రశ్నపత్రము ఆమె లిపిలో వ్రాయించుటకు ఒక మనిషిని నియమించిరి, అది సదుపాయమే. కాని ఆ సదుపాయమును ఎవరికై చేయుచున్నారో ఆమెనే ముందు ఒక్కమాట అడుగలేదు. అడిగియున్నచో, ఏ పద్ధతి గుర్తులు కావలెనమ్మా యని ఒక జాబు వ్రాసియున్నచో, ఆ రాత్రి నిద్ర ఆమెకు దక్కియుండును. ఆమెయు తరువాత తన యాత్మకథలో ఈ సంగతి వ్రాయుచు, తెలియక కల్పించిన అడ్డంకులే గదా యని వారిని క్షమించినది. క్షమ ఆమె గొప్పతనము; లోపము లోపమే.

నెగ్గినది. 1900లో రాడ్క్లిఫ్‌లో చేరెను. తరగతిలో ఆచార్యుడు చెప్పుచున్న ప్రతి మాటను సలివన్ గారు ఆమె చేతిలో వ్రేళ్లతో పలికించుచుండిరి. చేతులు వినుటలోనే తీఱిక లేనివి గనుక తక్కినవారివలె పాఠము వ్రాసికొనుటకు ఆమెకు చేతులు లేవు. ఇంటికి పోయి జ్ఞాపకమున్నంత వ్రాసికొనవలెను. కావలసిన పుస్తకములలో చుక్కలలో దొరకునవి మిక్కిలి కొలది. తక్కినవన్నియు సలివన్ గారు చదివి చేతిలో చెప్పవలసినవే. ఆ సలివన్ గారి కన్నులును చిన్ననాటినుండి జబ్బు కన్నులే. అక్షరముల దిమ్మెలను మార్చుకొన వీలగు హామండ్ టైపు యంత్రము ఆమెకు మిక్కిలి సాయపడినది. గ్రీకునకు ఒక దిమ్మె, గణితమునకు ఒక దిమ్మె. 1904లో గౌరవపూర్వకముగా పట్టము వచ్చెను. నాలుగేండ్లు ప్రతి ఉపన్యాసమును విని, ప్రతి పుస్తకమును చదివిన సలివన్ గారికి మాత్రము ఏ పట్టమును లేదు. ఒక విద్యార్థిని చదువుకై మఱియొక స్త్రీ తన కన్నులను, కాలమును ధారపోయవలసి వచ్చినచో, కళాశాల చేయవలసిన పనిని ఆమె చేసినదని యర్థము. మన యిండ్లలో ఇప్పటికిని ఈ పని తల్లులు చేయుచున్నారు. చక్రముల కుర్చీలోని కొడుకును రెండవ యంతస్తునకు మోసికొనిపోవు తల్లిని పత్రికలు మాతృప్రేమకు నిదర్శనమని వ్రాయును; ఆ తరగతిని క్రింది యంతస్తునకు మార్పని ప్రధానాచార్యుని పేరు వ్రాయవు.

తరువాతి యధ్యాయము కాలిఫోర్నియాలో జరిగినది. ఇందు విశేషము విద్యార్థులే తమ యేర్పాట్లను తాము చేసికొనుట. ఎడ్ రాబర్ట్స్ పదునాలుగేండ్ల వయసున, 1953లో, పోలియో వచ్చి మెడక్రింది శరీరము కదలనివాడయ్యెను. ఉన్నతపాఠశాల వారు వ్యాయామమును, కారు నడుపుటయు నేర్వలేదు గనుక యోగ్యతాపత్రమియ్యమనిరి! తల్లి పోరాడి యిప్పించెను. బర్కిలీ విశ్వవిద్యాలయమున ఒక యధికారి, ఇట్టివారిని ఇదివఱకే చేర్చి చూచితిమి, ఫలింపలేదని చెప్పెనట. అయినను 1962లో చేర్చుకొనిరి. రాత్రులు ఊపిరి తీయించు ఇనుప యంత్రము ఎనిమిది వందల పౌనుల బరువు. అది పట్టు వసతిగృహము లేదు. కడకు విశ్వవిద్యాలయపు ఆసుపత్రిలోనే ఒక గది యిచ్చిరి. మఱుసటి యేడు ఇంకొకడు వచ్చెను; క్రమముగా ఒక జట్టు ఏర్పడెను. వారు రోగులుగా నుండుటకు ఒప్పుకొనక, 1970లో విశ్వవిద్యాలయముననే ఒక కార్యాలయమును సాధించిరి. పరిచారకులను కుదుర్చుట, కుర్చీల మరమ్మతు, ఇండ్లు వెదకుట దాని పనులు. నడపువారు వికలాంగ విద్యార్థులే. ఇది పెరిగి 1972లో స్వతంత్రజీవన కేంద్రమయ్యెను. 1973లో అమెరికా శాసనసభ, ప్రభుత్వధనము పుచ్చుకొను ఏ సంస్థయు వికలాంగుడని యెవరిని వెలివేయరాదని చట్టములో ఒక నిబంధన చేర్చినది. ఆ నిబంధనను అమలుపఱచు నియమములపై సంతకము నాలుగేండ్లు పడలేదు. 1977లో శాన్ ఫ్రాన్సిస్కో ప్రభుత్వభవనమున వికలాంగులు మూడు వారములకు పైగా కదలక కూర్చుండిన తరువాత, ఏప్రిలు 28న పడెను. ఒకప్పుడు రాబర్ట్సు ఏ యుద్యోగమునకును పనికిరాడని సాయము నిరాకరించిన రాష్ట్రశాఖకే 1975లో ఆయన యధిపతి యయ్యెను. చరిత్రకు అప్పుడప్పుడు హాస్యము తెలియును.

మన దేశమున అంధులకు మొదటి పాఠశాల 1887లో అమృతసరమున పుట్టినది. భారతీయ భాషలకన్నిటికిని ఒక్క బ్రెయిలు పద్ధతి కుదిరినది 1951లో. వికలాంగుల హక్కులకు ప్రత్యేకచట్టము రావలెనన్న 1995 వఱకు ఆగవలసి వచ్చెను. 2016 నాటి చట్టము దానిని త్రోసిరాజని, ఉన్నతవిద్యలో నూటికి ఐదు స్థానములకు తక్కువ కాకుండ కేటాయించినది. లోపముల పట్టికను ఇరువదియొకటికి పెంచి, చదువుటలోను లెక్కించుటలోను ప్రత్యేకమైన తడబాటు గలవారిని గూడ చేర్చినది. అన్నింటికంటె ముఖ్యమైనది దానియందలి సముచిత సదుపాయమను భావము. సంస్థ భరింపరాని భారమైనదనిన తప్ప, అవసరమైన మార్పు చేయకుండుటయే వివక్ష యని ఆ చట్టము నిర్వచించినది. అనగా సదుపాయము గ్రాసము కాదు, భాగము. వికలాంగులన్న పేరు తీసి దివ్యాంగులని, విభిన్న ప్రతిభావంతులని ఇటీవల పిలుచుచున్నారు. పేర్లు వినుటకు బాగుగనే యున్నవి; మెట్ల సంఖ్య మాత్రము పేరుతో తగ్గలేదు.

మచిలీపట్టణము దగ్గఱి సీతారామపురమున పుట్టిన శ్రీకాంత్ బొల్లా పదవ తరగతి నెగ్గి విజ్ఞానశాస్త్రము చదువగోరినపుడు, పటములను రేఖలను చూడజాలని యంధులకు ఆ శాఖ తగదని నాటి రాష్ట్రవిద్యాశాఖ నిబంధన అడ్డువచ్చెను. ఆయన న్యాయస్థానమునకు పోయి అనుమతి తెచ్చుకొనెను. పుస్తకములను శబ్దరూపమున విని చదివి నూటికి తొంబదియెనిమిది మార్కులు తెచ్చుకొనెను. అటుపిమ్మట ఇచ్చటి ఐఐటీ శిక్షణశాలలు చేర్చుకొనకపోగా, అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ చేర్చుకొన్నది. మనము ఆయన విజయమును చలనచిత్రముగా చూచి చప్పట్లు కొట్టితిమి. ఆ నిబంధన వ్రాసిన చేయి మనదేనన్నది చప్పట్లలో వినబడలేదు.

పుస్తకముల కఱవు కొంత తీఱినది. అంధులకై పుస్తకమును వేఱురూపమునకు మార్చుకొనుట గ్రంథస్వామ్యమునకు భంగము కాదని మన చట్టము 2012లో ఒప్పుకొన్నది. 2013 జూన్ 27న, హెలెన్ కెల్లర్ పుట్టిననాడే, మారకేషు నగరమున ఇదే యాశయముతో ఒక అంతర్జాతీయ సంధి కుదిరెను. 2014లో దానిని మొట్టమొదట ధ్రువపఱచిన దేశము మనదే. ఇట్టి సందర్భమున మనల మనము కొంచెము మెచ్చుకొనవచ్చును.

వ్రాతసాయము విషయము ఇంకను తేలక యున్నది. కేంద్రప్రభుత్వము 2013 ఫిబ్రవరిలో, గంటకు ఇరువది నిమిషములకు తక్కువ కాకుండ అధికకాలము ఇయ్యవలెననియు, వ్రాయువాని చదువునకు పరిమితి పెట్టరాదనియు చెప్పినది. 2018లో, అభ్యర్థి తానే తెచ్చుకొను వ్రాయసకాడు అతనికంటె ఒక మెట్టు తక్కువ చదివినవాడై యుండవలెనని మార్చినది. రాడ్క్లిఫ్ వారి భయమే యిది, మోసము జరుగునేమోనని. 2021 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టు, చేతివ్రేళ్లు బిగిసి వ్రాయలేని యొక వైద్యపట్టభద్రుని వ్యాజ్యమున, లోపము నూటికి నలువది పాళ్లు లేనంతమాత్రమున వ్రాయసకాని నిరాకరింపరాదని తీర్పు చెప్పినది.

ఒక మెట్టు తక్కువ చదివిన వ్రాయసకాడన నేమో నేను కన్నులార చూచితిని. పదేండ్ల క్రిందట ఇంటర్మీడియట్ పరీక్షలకు ఒక కళాశాలలో నన్ను పర్యవేక్షకునిగా వేసిరి. ఆనాడు సంస్కృతము. చూపులేని బాలిక, ప్రక్కన తొమ్మిదవ తరగతి పిల్ల వ్రాయుటకు కూర్చున్నది. ఆ పిల్లకు సంస్కృతము రాదు. ఈమె ఒక్కొక్క పదమును విడదీసి, వత్తులు, విసర్గలు, హల్లు క్రింది హల్లు చెప్పుచు, వ్రాసినదానిని మరల చదివించుకొనుచు సాగినది. సంధి సూత్రములు ఈమె నోట తడుముకొనకుండ వచ్చుచున్నవి. కాగితముమీదికి పోవుటకు ఒక్కొక్క పంక్తికి తక్కినవారి మూడు పంక్తుల కాలము పట్టుచున్నది. పండ్రెండు గంటలకు గంట కొట్టిరి. నేను పోయి కాగితములు తీసికొంటిని. వ్రాయుపిల్ల బిత్తరపోయి చూచినది. ఈమె మాత్రము చేతిని బల్లమీద కొంచెముసేపు అట్లే యుంచి, లేచి నిలువబడినది. అధికకాలమునుగూర్చిన ఉత్తరువు ఆ ఉదయమే నాకిచ్చిన కాగితములలో నున్నదని సాయంకాలము కట్టలు కట్టునపుడు చూచితిని. నేను దానిని చదువలేదు. ఆమెకు ఆ గంట రావలసియున్నది, తీసికొన్నవాడను నేను.

రెండేండ్లకు మరల అట్టి పనియే పడినది. వేఱు ఊరు, వేఱు విద్యార్థి. ఈ మాఱు ఉత్తరువును జేబులో పెట్టుకొని పోయితిని. పండ్రెండు గంటలకు శాల ఖాళీ యయినది. వరండాలో బల్లలు జరుపు చప్పుడు. పావుగంట గడచిన తరువాత బంట్రోతు తాళముల గుత్తి పట్టుకొని గుమ్మములో నిలిచి, "ఇంకా ఎంతసేపండీ మాస్టారూ?" అని విసుగుతో అడిగెను. వ్రాయువాడు కలము ఆపి నావంక చూచెను. విద్యార్థి మాట మధ్యలో ఆగి చెవి యొగ్గెను. ఇంకను నలువదియైదు నిమిషములున్నవని గట్టిగా, ఆ పిల్లవానికి వినబడునట్లు చెప్పితిని. బంట్రోతు గొణుగుకొనుచు పోయి వరండాలోని బల్లమీద కూర్చుండెను. పిల్లవాడు ఆపిన చోటినుండి మరల చెప్పసాగెను.